ముందు నీళ్లు, వెనక గోడ

మా అక్క కొడుకు పోయిన నెల వాట్సాప్‌లో ఐదు లింకులు పంపాడు. ఐదూ లెన్సులే. కింద ఒకటే ముక్క: "మావయ్యా, 40 వేల లోపు. వీటిల్లో ఏది? ఆఫర్ ఆదివారం దాకానే." వాడిది గచ్చిబౌలిలో ఉద్యోగం. చేతిలో ఉన్నది నికాన్ జెడ్50, దాంతోపాటు పెట్టెలో వచ్చిన 16-50 జూమ్ లెన్స్. (లెన్స్ మీది అంకెలు మిల్లీమీటర్లు, అంటే ఎంఎం. అంకె పెద్దదైతే దూరంవి దగ్గరికి లాగుతుంది, చిన్నదైతే ఎక్కువ మేర చూపిస్తుంది.) వాళ్లావిడకి ఏడో నెల నడుస్తోంది. మూలన పడున్న కెమెరా బయటికి రావడానికి కారణం అదే. మరి ఆ ఐదింటిలో మూడేమో దూరం లాగే జూములు, ఒకటి 85, ఒకటి 40.

"పుట్టబోయే పిల్లని వీధి చివర నుంచి తీస్తావుట్రా" అని టైపు చేసి, చెరిపేశాను. 2013లో నికాన్ డీ3200 కెమెరా కొన్న రెండో నెలలోనే 70-300 కోసం బేరాలాడినవాణ్ణి నేను, వాణ్ణి చూసి నవ్వడానికి నాకేం హక్కుంది? అప్పట్లో ఎందుకురా అని అడిగితే "దూరంవి కూడా తీయొచ్చు కదా" అనేవాణ్ణి. ఏ దూరంవి అని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

వాడికి జవాబు రాయడానికి కూర్చుని, ముందు నా లెక్కేమిటో చూసుకుందామని పాత ఫొటోలన్నీ ఫొటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో తెరిచాను. ప్రతి ఫొటోలోనూ అది ఏ లెన్స్‌తో, ఎన్ని ఎంఎం దగ్గర తీసిందో రాసే ఉంటుంది. వడపోసుకోవడం ఒక్క నొక్కు పని. కెమెరాతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో తీసినవి ఆరు వేల చిల్లర తేలాయి. వాటిలో చాలా భాగం అయితే 18 దగ్గర, లేకపోతే 55 దగ్గర. మధ్యలో 28, 35, 40 దగ్గర తీసినవి బియ్యంలో రాళ్లలా అక్కడొకటి ఇక్కడొకటి. అంటే ఇన్నాళ్లూ జూమ్ అనుకుంటూ నేను వాడింది రెండు లెన్సులు. పూర్తిగా ఇటు తిప్పితే ఒకటి, పూర్తిగా అటు తిప్పితే ఇంకోటి.

55 దగ్గర పడ్డ కుప్ప

18 సంగతి తర్వాత చెబుతాను. నన్ను కూర్చోబెట్టింది 55 కుప్ప. రింగు ఇంక తిరగక ఆగిపోయిన చోట తీసిన ఫొటోలవి. ఇంకాస్త దగ్గరగా ఉంటే బాగుండునని ప్రతిదాని దగ్గరా అనుకునే ఉంటాను. రాత్రి పదకొండింటిదాకా వాటిని వరసగా చూస్తూ ఒక్కోదాన్నీ ఒకటే అడిగాను. ఇక్కడ నేను నాలుగడుగులు ముందుకు వేయగలిగేవాణ్ణేనా?

ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూడబాతులు. వేయలేను, మధ్యలో నీళ్లు. స్కూలు యాన్యువల్ డేలో స్టేజీ మీద మా అమ్మాయి. వేయలేను, ముందు మూడు వరసల తల్లిదండ్రులు, వాళ్ల తలల మీద ఫోన్లు. బ్రాడీపేటలో ఇస్త్రీ బండి ఆయన, బొగ్గుల పెట్టె విసురుతూ. వేయగలను. కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభ ముందు గంతులేస్తున్న కుర్రాళ్లు. వేయగలను, వేస్తే వాళ్లు సంతోషించేవాళ్లు కూడా. అమరావతి గుడి మెట్ల మీద కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటున్న ముసలమ్మ. వేయగలను. ఆవిడ వక్క కొరికి, ఆకు నోట్లో పెట్టుకునేదాకా ఐదు ఫొటోలు తీశాను, ఐదూ ఒకే చోట నుంచి.

కుప్పలో మూడింట రెండు వంతులు ఈ రెండో రకం. అక్కడ 55 ఎంఎం చాలకపోవడమేమీ లేదు. నా మొహమాటం అడ్డమొచ్చింది. "ఒక ఫొటో తీసుకుంటానండీ" అనే మాట నోట్లోంచి రాక, ఆ రాకపోవడాన్ని లెన్స్‌తో పూడ్చుకుందామని చూశాను.

70-300 కొన్నాక ఈ జబ్బు ముదిరింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి ఒక రోజు సెలవు పెట్టి సీతానగరం ఘాటుకి వెళ్లాను. పై మెట్ల మీద నీడ చూసుకుని నిలబడి, సాయంత్రం దాకా నాలుగు వందల ఫొటోలు తీశాను. పిండప్రదానం చేస్తున్న పెద్దాయన వేళ్ల మధ్య దర్భ పోగు కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా వచ్చింది. నాలుగు వందల్లో ఒక్కదానిలోనూ ఒక్క మనిషీ నా వైపు చూడడు. ఆయన ఎవరి కోసం పిండం పెట్టాడో, ఏ ఊరు నుంచి వచ్చాడో నాకు తెలియదు. పోలీసు కంట్రోల్ రూమ్ వాళ్లు తీసినా అవి అలాగే వచ్చేవి.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంటే మా ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తడి బట్టలతో మెట్లెక్కుతున్న ఆడవాళ్లు ఉన్న ఫొటో వచ్చేసరికి, "వీళ్లకి తెలుసా నువ్వు తీస్తున్నట్టు?" అంది. తెలియదు. ఆ వరస మొత్తం అప్పుడే తీసేశాను. పెద్దాయన ఫొటో తీసేయడానికి ఇంకో ఏడాది పట్టింది, ఎందుకంటే దానికి ఫేస్‌బుక్‌లో మంచి లైకులొచ్చాయి.

ఇక్కడ నన్ను నేను కొంచెం సమర్థించుకోవాలి. మొహమాటం అంతా పిరికితనం కాదు. ఏడుస్తున్న మనిషి దగ్గరికి 35 ఎంఎం పట్టుకుని వెళ్లి మొహం మీద మొహం పెట్టేవాణ్ణి ధైర్యవంతుడంటే నేనొప్పుకోను. కానీ దగ్గరికి వెళ్లి తీయకూడదని మనసుకి తోచిన ఫొటో, దూరం నుంచి మాత్రం ఎలా తీయొచ్చు? ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు, అందుకే స్నానాల ఘాట్లకి కెమెరా తీసుకెళ్లడం మానేశాను.

మిర్చి యార్డు

నా ఫొటోల్లో నేను గోడకి తగిలించుకున్నది ఒకటే ఉంది. అది మిర్చి సీజన్‌లో ఒక ఆదివారం తీసింది. మా బ్యాంకు ఖాతాదారు ఒకాయన తన గోడౌన్‌లో తొడిమలు తీసే పని జరుగుతోంది రమ్మన్నాడు. కెమెరాకి ఉన్నది 35 ఎంఎం, ఎఫ్ 1.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది). అరచేతిలో ఇమిడిపోతుంది, 200 గ్రాములు.

మొదటి పది నిమిషాలు తుమ్మడం తప్ప ఏమీ చేయలేదు. ఎంత ఘాటంటే కళ్లజోడు తీసి తుడుచుకునే లోపే మళ్లీ తడి. ఇరవై మంది ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చుని, ముక్కులకి పాత చీరముక్కలు కట్టుకుని నవ్వుతున్నారు. "అవ్వనివ్వండి సార్, తుమ్మడం అయినాకే తీద్దురుగాని" అని ఒకావిడ ముక్కుకి కట్టుకోమని తన దగ్గరున్న గుడ్డ ఇచ్చింది. ఆ గుడ్డ కట్టుకున్నాక ఇక నన్ను పట్టించుకోలేదు. పైన రేకులో చిన్న చిల్లు, అందులోంచి ఎండ సన్నటి కర్రలా వచ్చి మిరపకాయల కుప్ప మీద పడుతోంది. కుప్ప ఎరుపంతా పైకి కొట్టి, వంగి కూర్చున్న ఆవిడ గడ్డం కిందా, ముక్కు పుడకలోనూ మెరుస్తోంది. పై నుంచి మామూలు వెలుగు, కింద నుంచి నిప్పుల వెలుగు. ఆవిడకీ నాకూ మధ్య రెండడుగులు. పిల్లాడి ఇంజనీరింగ్ ఫీజు గురించి, ఎడ్యుకేషన్ లోన్ గురించి అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే తీశాను. 300 పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే ఆ ఎరుపు కనపడేదే కాదు, కుప్పకి అటువైపే ఉండిపోయేవాణ్ణి.

అక్కడితో ఆగి ఇంటికి రావలసింది. బయటికొస్తూ, మిర్చి టిక్కీల (బస్తాల) గుట్ట మీద హమాలీ ఒకాయన నిలబడి ఉండటం చూసి, ఆశకి పోయి బ్యాగులోంచి 70-300 తీసి అక్కడే మార్చాను. మిర్చి గోడౌన్ గుమ్మంలో కెమెరా నోరు తెరవడమంటే ఏమిటో ఇంటికొచ్చాక తెలిసింది. ఎఫ్ 11 దగ్గర ఆకాశాన్ని తీసి చూస్తే ధూళి చుక్కలతో చికెన్‌పాక్స్ వచ్చినట్టుంది. సెన్సార్ (కెమెరా లోపల బొమ్మ పట్టే పలక) క్లీనింగ్ చేసినాయన స్వాబ్ మీద రంగు చూసి "ఏం తీశారు సార్, హోలీనా?" అన్నాడు. అప్పటి నుంచి బయటికెళ్తే ఒకటే లెన్స్. రెండోది ఇంట్లో ఉంటుంది. లెన్సులు మార్చుకునే వీలుందనే కదా ఈ కెమెరాలు కొంటాం, తీరా కొన్నాక మార్చకపోవడమే మేలని తేలింది.

వంటింట్లో 50

కొత్తవాళ్లు ఏ లెన్స్ కొనాలని ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు 50 ఎంఎం, ఎఫ్ 1.8. చవక, చిన్నది, వెనకంతా మసకగా వస్తుంది. నేనూ విన్నాను. 2014లో సెకండ్ హ్యాండ్‌లో నికాన్ 50 ఎంఎం 1.8డీ దొరికింది. అమ్మే అతన్ని బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక టీ కొట్టు ముందు కలిశాను. తన డీ90కి తగిలించి చూపించాడు. జిర్రుమని తిరిగి ఫోకస్ పడింది. ఇంకేం చూస్తాం, డబ్బిచ్చి బస్సెక్కాను.

ఇంటికొచ్చి నా డీ3200కి పెడితే తెర మీద ఎఫ్, ఈ, ఈ అని మూడు అక్షరాలు. ఫీజేదో కట్టమంటోందేమో అనుకున్నాను. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అపర్చర్ రింగుని 22 దగ్గర పెట్టి తాళం వేయాలట, అది వేశాక పోయింది. ఫోకస్ మాత్రం పడదు. మాన్యువల్ తిరగేస్తే తేలిందేమిటంటే, ఈ డీ రకం లెన్సుల్లో ఫోకస్ తిప్పే మోటార్ ఉండదు, కెమెరా బాడీలో ఉండాలి. డీ90లో ఉంది. డీ3000, డీ5000 వరసల్లో లేదు. అమ్మినతను మోసం చేయలేదు, నేనడగలేదు. నా కెమెరా ఇంట్లో పెట్టేసి లెన్స్ కొనడానికి వెళ్లిన తెలివి నాదే.

దానికన్నా పెద్ద తప్పు వంటింట్లో బయటపడింది. మా అమ్మ పూర్ణాలు వేస్తుంటే తీద్దామని వెళ్లాను. ఆవిడ మొహం, మూకుడు, కిటికీలోంచి వచ్చే వెలుతురు, మూడూ కావాలి. కెమెరాలో మొహం, అందులోనూ సగం. ఒకడుగు వెనక్కి వేశాను. ఇంకొకటి. వీపుకి ఫ్రిజ్ తగిలింది. వంటిల్లంతా కలిపి 8 అడుగుల వెడల్పు. ఫ్రిజ్ తలుపు తీసి లోపల కూర్చుంటే తప్ప ఆ ఫొటో రాదు.

50 మంచి లెన్సని చెప్పే మాట అబద్ధం కాదు, కాకపోతే అది వేరే కెమెరాల కాలం మాట. 1925లో లైకా వచ్చినప్పుడు దానికున్నది 50. ఆ తర్వాత ఫిల్మ్ ఎస్ఎల్ఆర్‌లు కొన్నా చాలావాటికి తగిలించి ఇచ్చింది 50. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియర్-బ్రెస్సాన్ జీవితమంతా ఎక్కువగా దాంతోనే తీశాడు. 35 ఎంఎం వెడల్పు ఫిల్మ్ మీద అది మనిషికి రెండు మూడు గజాల దూరంలో హాయిగా నిలబడి తీసే లెన్స్. మనం కొనే చిన్న సెన్సార్ కెమెరాల మీద అదే 75 లాగా చూస్తుంది, కేనన్ అయితే 80. సలహా అదే, కింద కెమెరా మారింది. మారిన సంగతి చెప్పకుండా అందరం అదే మాట ఒకళ్లకొకళ్లం అందిస్తున్నాం.

మన ఇళ్లు చూడండి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో పెద్ద గది 12 బై 14, అందులో సోఫా, టీవీ స్టాండు, ఉయ్యాల. పండగలూ పేరంటాలూ బారసాలలూ జరిగేది అక్కడే. ముందుకి నడవలేని చోట నీళ్లుంటే, వెనక్కి నడవలేని చోట గోడ ఉంటుంది. లెన్స్ నిజంగా తీర్చగలిగిన లోటు ఈ రెండు చోట్లే అని నా అభిప్రాయం. నా 18 కుప్పని చూసినా అదే కనిపించింది. దాదాపు అంతా ఇళ్ల లోపల, గోడకి ఆనుకుని తీసినవే. వాటిలో కాళ్లతో తీరేవి ఏ పదో ఉంటాయి. 55 కుప్పలో కాళ్లతో తీరేవి మూడింట రెండు వంతులు. మరి మనం డబ్బు పోసేది ఎప్పుడూ 55కి అవతలి వైపే.

600 పెట్టినా

ముందు నీళ్లున్న చోట పెద్ద లెన్స్ కొంటే సరిపోతుందా? అదీ చేసి చూశాను. 2020 నవంబరులో మా బ్యాంకు ఉద్యోగుల జీతాల ఒప్పందం కుదిరింది. ఎరియర్స్ పడగానే, ఇంట్లో వాషింగ్ మెషిన్ మాట నడుస్తుండగానే, సిగ్మా 150-600 తెచ్చాను. దాదాపు రెండు కిలోలు. ముందు గ్లాసు ఉప్మా ప్లేటంత ఉంటుంది, ఫిల్టర్ సైజు 95.

మొదటి ఆదివారం ఉప్పలపాడు వెళ్లాను, ఇంటికి దగ్గర కదా అని. అక్కడి పక్షుల గొప్పతనమేమిటంటే ఊరి మధ్య చెరువులో, మనుషుల పక్కనే గూళ్లు పెడతాయి. 600 పెడితే గూడబాతు మొత్తం ఎప్పుడూ రాలేదు. ముక్కు వచ్చింది, దాని మీది చుక్కలు వచ్చాయి, ఒక కన్ను వచ్చింది. పక్కనున్న ఇంటర్ కుర్రాడు పాత 55-200తో గూడు, పిల్లలు, చేప అందిస్తున్న తల్లి అంతా తీసుకుని వెళ్లిపోయాడు.

కొల్లేరు, ఆటపాక. అక్కడ గట్టు నుంచి పక్షులు దూరమే. కానీ పడవ ఉంది. టికెట్ కొని పడవెక్కితే, అటవీ శాఖ వాళ్లు పక్షుల కోసం పెట్టిన ఇనుప స్టాండ్ల దగ్గరిదాకా తీసుకెళ్తారు. ఊగే పడవలో రెండు కిలోల గొట్టం పట్టుకోవడం నా వల్ల కాలేదు, బాగా వచ్చినవన్నీ 200, 250 మధ్య తీసినవే. లెన్స్ కన్నా పడవ చవక.

పులికాట్ ఒక్కటే నిజంగా 600 అడిగే చోటనుకున్నాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది, రెండు పక్కలా నీళ్లు, దూరంగా గులాబీ గీతలా రాజహంసలు. మేం చేరేసరికి తొమ్మిదిన్నర. రెండు వందల ఫొటోలు తీశాను, ఒక్కటీ నిలబడలేదు. కాళ్లు వంకర్లు తిరిగి, మెడలు కరిగిపోయినట్టు ఉన్నాయి. లెన్స్‌లో లోపముందని వారం రోజులు బాధపడి, మేడ మీద పాల ప్యాకెట్ల అక్షరాలు తీసి పరీక్షలు పెట్టాను. లెన్స్ శుభ్రంగా ఉంది. నీటి మీద ఎండ పడి గాలి మరుగుతుంటే, ఆ గాలిలోంచి ఎంత లాగితే ఆ వంకరంతా అంత పెద్దదై వస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా అంతే. దానికి మందు రెండే, పొద్దున ఆరింటికే చేరడం, లేదా దగ్గరికి చేరడం.

ఆ లెన్స్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అమ్మలేదు. ఏడాదికి మూడు నాలుగు ఉదయాలు బయటికి తీస్తాను. ఆ మూడు నాలుగు ఉదయాలకి అద్దెకి తెచ్చుకుని ఉంటే సరిపోయేది, లెన్సులు అద్దెకిచ్చేవాళ్లు ఇప్పుడు హైదరాబాదు, బెజవాడల్లో దొరుకుతారు. వాషింగ్ మెషిన్ ఆ మరుసటి దసరాకి వచ్చింది, ఆ పది నెలల సంగతి ఇక్కడ రాయను.

నాకే నమ్మకం చాలని చోట్లు

ఇంత రాశాక నా లెక్కలోనే ఒక చిల్లు కనిపించింది. నా దగ్గర ఉన్న లెన్స్‌తో తీసినవే కదా నేను లెక్కపెట్టింది. లేని లెన్స్‌తో ఏం తీసేవాణ్ణో ఆ లెక్క చెప్పదు. చిన్న చిన్నవాటిని మరీ దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ ఎప్పుడూ లేనివాడి ఫొటోల్లో చీమ మీసాలు ఉండవు, అంతమాత్రాన వాడికి చీమలిష్టం లేవని కాదు. మా కొలీగ్ ఒకాయన కారణమేమీ లేకుండా మాక్రో కొన్నాడు. మూడు నెలలకి మా బ్రాంచి వెనక గోడ మీది సాలీళ్లన్నీ ఆయనకి పేరుపేరునా తెలుసు. లెన్స్ ముందొచ్చింది, ఇష్టం తర్వాత పుట్టింది. నేను చెప్పే పద్ధతిలో పోతే ఆయన ఆ లెన్స్ కొనేవాడే కాదు.

ఇంకోటి. నాలుగడుగులు ముందుకేస్తే లెన్స్ పని అయిపోతుందన్నట్టు రాశాను గానీ, అది పూర్తి నిజం కాదు. మనిషి మొహం ఎలా కనిపిస్తుందనేది మనం నిలబడ్డ దూరాన్ని బట్టి ఉంటుంది. ఫ్రిజ్ గొడవ తర్వాత 18 పెట్టుకుని మా అమ్మని రెండడుగుల నుంచి తీశాను. చూసి, "నా ముక్కు ఇంత లావుగా ఉంటుందట్రా?" అంది. ఉండదు. అంత దగ్గర నుంచి చూస్తే ఎవరి ముక్కైనా అంతే. ఒక్క మొహమే, నిండుగా, అందంగా కావాలంటే రెండు గజాలు వెనక్కి జరిగి 85 లాంటిది పెట్టడమే మంచిది. అక్కడ నడవగలిగినా నడవకూడదు. పెళ్లిళ్లు తీసేవాళ్లు 85 ఊరికే మోయరు.

మూడోది వెలుతురు. నీళ్లూ గోడా అంటూ దూరం గురించే మాట్లాడాను. కార్తీక పౌర్ణమి నాడు తులసికోట దగ్గర దీపాల వెలుగులో కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 మించి తెరుచుకోదు. ఎఫ్ 1.8 దానికి దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి తెస్తుంది. సెకనులో పదో వంతు పట్టే ఫొటో వందో వంతులో అయిపోతుంది, దీపం పెడుతున్న చెయ్యి చెయ్యిలా వస్తుంది. లెన్స్‌లో వణుకు ఆపే వీఆర్ ఉంది కదా అంటారు, అది నా చేతి వణుకు ఆపుతుంది, మా అమ్మ చేతిది ఆపదు. అందుకే జూమ్ ఉండగా ప్రైమ్ (జూమ్ కాని, ఒకే ఎంఎం లెన్స్) ఎందుకంటే నేను చెప్పే కారణం వెలుతురే. వెనక మసక గురించి ఎక్కువ మాట్లాడను. మసక కోసమే అయితే మనిషిని గోడకి ఆనించకుండా పది అడుగులు ముందుకి పిలిస్తే కిట్ లెన్స్‌కీ కొంత వస్తుంది.

పదును సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. రివ్యూల్లో మూలలు పెద్దవి చేసి చూపిస్తారే, ఆ తేడాలు మన వాట్సాప్‌లో బతకవు. అచ్చు వేయించినా, 2012 నాటి నా డీ3200 ఇచ్చే 24 మెగాపిక్సెళ్లు పెళ్లి కరిజ్మా ఆల్బంలో 12 బై 18 పేజీకి నిండుగా సరిపోతాయి. బూజు మాత్రం పట్టించుకోవాలి. మన కోస్తా తేమకి బీరువాలో ఆర్నెల్లు ఊరికే ఉన్న లెన్స్ లోపల సాలెగూడు లాంటి తీగలు అల్లుకుంటాయి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, వాటిని రెండు నెలలకోసారి వేడి చేయడం. అన్నిటికన్నా మంచిది లెన్స్‌ని వాడటం.

ఇక సరదా. కొంతమందికి లెన్స్ అంటేనే ఇష్టం. గ్లాసు మీది ఊదారంగు పూత, రింగు తిరిగేటప్పుడు చేతికి తగిలే ఆ మెత్తదనం. వాచీలు పోగుచేసేవాళ్లని టైమెందుకు చూడవని ఎవరూ అడగరు. రాత్రిపూట అన్నం తిన్నాక రివ్యూలు చూస్తూ కూర్చోవడం నాకూ ఇష్టమే. నా అభ్యంతరమల్లా, ఆ సరదాకి ఫొటోల పేరు చెప్పుకోవడం మీద. ఎరియర్స్ డబ్బులతో 600 తెచ్చిన రోజు ఇంట్లో నేను చెప్పిన మాట, "పక్షులు తీయాలంటే ఇది లేకుండా కుదరదు."

మేనల్లుడికి రాసింది

వాడికి చివరికి ఇలా రాశాను. "ఒరేయ్, మీ హాల్లో ఉయ్యాల ఎక్కడ కడతావో అక్కడికి వెళ్లి, ఎదురు గోడకి వీపు ఆనించి నిలబడు. నీ 16-50ని 24 దగ్గర పెట్టి చూడు. తర్వాత 40 దగ్గర పెట్టి చూడు. ఉయ్యాలా, దాని పక్కన కూర్చునే మీ ఆవిడా, కిటికీ, దేనిలో పడితే అది కొను." వాడి కెమెరా మీద 24 అంటే పాతవాళ్ల 35కి దగ్గర. నికాన్ 2023లో చిన్న సెన్సార్ జెడ్ కెమెరాల కోసం 24 ఎంఎం, ఎఫ్ 1.7 ఒకటి తెచ్చింది, వాడి బడ్జెట్‌లోనే వస్తుంది, రాత్రి ట్యూబ్‌లైటు వెలుతుర్లో పాలు తాగే పిల్లని తీయొచ్చు.

పావుగంటకి జవాబు. "నిలబడి చూశాను మావయ్యా. 40లో ఉయ్యాల ఒక్కటే పడింది." తర్వాత ఇంకోటి. "మరి నీ పాత 50 ఉంది కదా, అడాప్టర్ పెట్టి నాకివ్వచ్చు కదా?" ఇవ్వొచ్చు. పాత నికాన్ లెన్సుల్ని జెడ్ కెమెరాకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటార్ లేదని, అది వాడి కెమెరా మీద కూడా చేత్తో తిప్పాల్సిందేనని రాశాను. బెంజి సర్కిల్ కథ కూడా చెప్పాను.

ఆదివారం రాత్రి ఆర్డర్ చేశానని ఫొటో పంపాడు. 50-250 జూమ్. "ఆఫర్ బాగుంది మావయ్యా, పాప పెద్దదయ్యాక స్కూలు డేకి పనికొస్తుందిగా" అని కింద రాశాడు. స్కూలు డే అంటే నాకూ నోరు పెగల్లేదు, ముందు మూడు వరసలుంటాయని చెప్పింది నేనే.

వియ్యాలవారిది తెనాలి. పురుడు అక్కడే, బారసాల కూడా అక్కడే. పాతకాలం పెంకుటిల్లు, ముందు గది 10 బై 12, పురోహితుడూ ఉయ్యాలా పేరంటాళ్లూ అందరూ అందులోనే. నేను 35 పెట్టుకుని ఉయ్యాల పక్కన చోటు చూసుకుంటాను. వాడికి వీధి అరుగు ఉంది, అక్కణ్ణుంచి కిటికీలోంచి పడొచ్చు.